సర్ఫింగ్: అల మీద నిలబడాలంటే ముందు నేల మీద పడి లేవాల్సిందే.. ఒడ్డున చేసే సాధన నీళ్లలో ఎంత పనికొస్తుందంటే?

సర్ఫింగ్ వీడియో అనగానే ఫోన్‌లో కనిపించేది ఒకటే సీన్. అల లేస్తుంది, దాని మీద ఒకరు అలవోకగా జారిపోతుంటారు. పదిహేను సెకన్లలో రీల్ అయిపోతుంది. ఆ పదిహేను సెకన్ల కోసం ఆ మనిషి అంతకుముందు నీళ్లలో ఏం చేశారన్నది మాత్రం వీడియోలో ఉండదు. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి వెళ్లడం, అల కోసం కాచుకుని కూర్చోవడం, వచ్చిన అల చేజారితే మళ్లీ మొదటికి రావడం.. నిజానికి ఆటలో ఎక్కువ భాగం ఇదే.

పోటీల్లో దిగే సర్ఫర్లను గమనించి టైమ్ లెక్క కట్టిన పరిశోధకులు కూడా ఇదే తేల్చారు. 2006లో ఒకటి, 2012లో మరొకటి వచ్చిన అధ్యయనాల్లో లెక్క దాదాపు ఒకేలా ఉంది. నీళ్లలో ఉన్న సమయంలో సగానికి పైగా చేతులతో తోసుకుంటూ వెళ్లడానికే పోతోంది. దీన్నే పాడ్లింగ్ అంటారు. అల మీద నిలబడి ఉండేది మాత్రం 4 నుంచి 8 శాతమే. అంటే గంటలో ఐదు నిమిషాలు కూడా లేదు. అది కూడా ఆరితేరిన వాళ్ల సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ లెక్క నిమిషాల్లో కాదు, సెకన్లలో ఉంటుంది.

క్రికెట్ నెట్స్‌లో బౌలింగ్ మిషన్ ముందు నిలబడితే గంటలో వందల బంతులు ఆడొచ్చు. ఒకే షాట్ వంద సార్లు కొట్టి చేతికి అలవాటు చేసుకోవచ్చు. సముద్రం అలా బంతులు వేయదు. ఒక అల లాంటి అల మళ్లీ రాదు. వచ్చినప్పుడు తడుముకుంటే అంతే, వెళ్లిపోతుంది. అందుకే నేల మీద నేర్చుకోగలిగిందంతా నేల మీదే నేర్చుకోవాలి. నీళ్లలో మాత్రమే నేర్చుకోగలిగిన దానికి నీళ్లలో దొరికే కొద్ది సమయాన్ని మిగుల్చుకోవాలి.

తెలుగువాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. విశాఖలో రుషికొండ బీచ్ దగ్గర సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు. వీకెండ్‌లో హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లి ఒకట్రెండు క్లాసులు తీసుకునేవాళ్లకు కొదవ లేదు. కానీ హైదరాబాద్ నుంచి విశాఖ 600 కిలోమీటర్ల పైమాటే. మళ్లీ బోర్డు ఎక్కేది ఏ మూడు నెలలకో, ఆరు నెలలకో. ఈలోగా నేర్చుకున్నది కాస్తా ఒళ్లు మర్చిపోతుంది. రెండోసారి వెళ్లినా మొదటి క్లాసే మళ్లీ మొదలవుతుంది. ఈ మధ్యలో ఖాళీగా ఉండకుండా ఇంట్లో ఏం చేయొచ్చు అన్నదే అసలు ప్రశ్న.

రెండు సెకన్ల పని.. అక్కడే అందరూ పడేది

సర్ఫింగ్‌లో కీలకమైన కదలికకు పాప్ అప్ అని పేరు. బోర్లా పడుకున్న మనిషి అల తోస్తున్న క్షణంలో ఒక్క ఉదుటున లేచి రెండు కాళ్ల మీద నిలబడటం. మొత్తం ఒకటి రెండు సెకన్లు. కొత్తవాళ్లు చాలామంది పడిపోయేది ఈ రెండు సెకన్లలోనే. అల పెద్దదై కాదు, బ్యాలెన్స్ లేక కూడా కాదు. ఏ చెయ్యి ఎక్కడ, ఏ కాలు ముందు అని ఆలోచించడం వల్ల. ఆలోచించేంత టైమ్ అక్కడ లేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఏ కాలు ముందు పెట్టాలన్నది. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్ అంటారు, కుడి కాలు ముందుంటే గూఫీ. ఇందులో తప్పొప్పులు లేవు. కుడిచేతి వాటం వాళ్లందరూ రెగ్యులర్ కావాలనీ లేదు. సాక్సులు వేసుకుని నున్నటి గచ్చు మీద నాలుగడుగులు పరిగెత్తి జారండి. ఏ కాలు తనంతట తాను ముందుకు వచ్చిందో చూడండి. సాధారణంగా అదే మీ ముందు కాలు.

తర్వాత చాక్‌పీస్ తీసుకుని నేల మీద బోర్డు గీయండి. నేర్చుకునేవాళ్లకు ఇచ్చే మెత్తటి ఫోమ్ బోర్డు 8 అడుగులో, 9 అడుగులో ఉంటుంది, దాదాపు రెండడుగుల వెడల్పు. మధ్యలో నిలువునా ఒక గీత. ఈ గీతే ముఖ్యం. దాని మీద బోర్లా పడుకుని, అరచేతులు రెండూ కింది పక్కటెముకల దగ్గర నేలకు ఆనించాలి. బోర్డు అంచులు పట్టుకోకూడదు. నీళ్లలో అంచు పట్టుకుని లేచినవాళ్లు బోర్డును ఒక పక్కకు లాగేస్తారు, అది తిరగబడుతుంది. చూపు ముందుకు ఉండాలి. చేతులతో నేలను తోసి ఛాతీ పైకి లేపి, ఆ ఖాళీలోంచి ముందు కాలిని రెండు చేతుల మధ్యకు తేవాలి. వెనక పాదం అడ్డంగా వెనక పడాలి. మోకాళ్లు వంగి ఉండాలి, నడుము మాత్రం వాలిపోకూడదు. లేచాక కిందికి చూసుకోండి. పాదాల మధ్య భాగం గీత మీద ఉందా? లేకపోతే నీళ్లలో ఈపాటికి పడిపోయి ఉండేవాళ్లు.

మొదటి వారం స్పీడ్ అక్కర్లేదు. నెమ్మదిగా, ఒక్కో దశ ఆగి ఆగి చేయాలి. తప్పుగా వంద సార్లు చేస్తే ఆ తప్పే ఒంటికి పట్టేస్తుంది. పాదాలు ప్రతిసారీ ఒకే చోట పడుతున్నాయని నమ్మకం కుదిరాక వేగం పెంచాలి. అప్పుడు ఇంట్లోవాళ్లను ఎవరినైనా చప్పట్లు కొట్టమనండి. ఎప్పుడు కొడతారో చెప్పకూడదు. చప్పట్లు వినపడగానే లేవాలి. అల కూడా మనం రెడీయా అని అడగదు కదా!

ఇంకో చిన్న కిటుకు. పాప్ అప్ సాధన ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే చేస్తే సరిపోదు. నీళ్లలో లేవాల్సి వచ్చేసరికి భుజాలు అప్పటికే పాడ్లింగ్‌తో అలిసిపోయి ఉంటాయి. కాబట్టి ఇరవై దండీలు తీసి, ఆయాసపడుతూ ఉండగా ఐదు పాప్ అప్‌లు చేసి చూడండి. మొదటిసారి మోకాలు నేలకు ఆనుతుంది. ఆ మోకాలే నీళ్లలో మిమ్మల్ని పడేస్తున్నది. మోకాలి మీద ఒకసారి ఆగి లేచే అలవాటు పడితే దాన్ని వదిలించుకోవడం చాలా కష్టం.

భుజాలే ఇంజిన్.. మరి జిమ్‌లో ఏం చేయాలి?

సగం సమయం పాడ్లింగే అయినప్పుడు సగం కష్టం భుజాలదీ, వీపుదే. బోర్డు మీద పడుకునే తీరు కాస్త భుజంగాసనం లాంటిది. కాళ్లు దగ్గరగా, ఛాతీ కొద్దిగా పైకి, తల ఎత్తి. యోగాలో ఆ ఆసనం అర నిమిషం వేయడం వేరు, నీళ్లలో పది నిమిషాలు అదే భంగిమలో చేతులు ఆడించడం వేరు. కొత్తవాళ్లకు మొదటి రోజు సాయంత్రం నడుం, మెడ పట్టేసేది అందుకే. యోగాకు, సర్ఫింగ్‌కు ఉన్న ఈ చుట్టరికం కొత్తదేం కాదు. హవాయికి చెందిన ప్రఖ్యాత సర్ఫర్ గెర్రీ లోపెజ్ దశాబ్దాలుగా యోగా సాధన చేస్తున్నారు, నేర్పుతున్నారు కూడా.

అన్నిటికంటే మేలైన సాధన ఈత. ఫ్రీస్టయిల్‌కూ పాడ్లింగ్‌కూ చేతి కదలిక దగ్గర దగ్గరగా ఉంటుంది. అయితే పూల్‌లో ఒకే వేగంతో అరగంట ఈదడం ఒక్కటే చాలదు. అల వెనక నుంచి వస్తున్నప్పుడు దాని వేగాన్ని అందుకోవడానికి సర్ఫర్ కొన్ని సెకన్ల పాటు పిచ్చిగా తోస్తాడు, తర్వాత ఆగుతాడు, మళ్లీ నెమ్మదిగా లోపలికి వెళ్తాడు. ఈతలోనూ అదే పద్ధతి పెట్టుకోవాలి. 15 సెకన్లు ఉన్న శక్తంతా పెట్టి, 45 సెకన్లు తాపీగా. పూల్ దగ్గర్లో లేనివాళ్లు సాగే రబ్బరు బ్యాండ్‌ను కిటికీ ఊచకు కట్టి, బెంచీ మీద బోర్లా పడుకుని ఒక్కో చేత్తో వెనక్కి లాగొచ్చు. ఖర్చు తక్కువ, పని గట్టిది.

ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోకూడదు. ఎప్పుడూ లాగే కండరాలకే పని చెబితే భుజం ముందుకు వంగిపోయి నొప్పి మొదలవుతుంది. సర్ఫర్లను ఎక్కువగా వేధించే వాటిలో భుజం నొప్పి ఒకటి. అందుకే రెండు భుజపు రెక్కలను దగ్గరకు తెచ్చే వ్యాయామాలు, చేతిని బయటికి తిప్పే తేలికపాటి వ్యాయామాలు కూడా చేయాలి. కాళ్ల విషయానికొస్తే పెద్ద హంగామా అక్కర్లేదు. బస్కీలు చాలు. కాకపోతే పాదాలు సర్ఫింగ్‌లో లాగా అడ్డంగా పెట్టి, కింద కొన్ని సెకన్లు ఆగి లేవాలి.

ఇక బ్యాలెన్స్ బోర్డు. దొర్లే సిలిండర్ మీద చెక్క పెట్టి దాని మీద నిలబడటం. రీల్స్‌లో చూడ్డానికి బాగుంటుంది గానీ, దాని మీద పది నిమిషాలు కదలకుండా నిలబడగలిగినవాళ్లు అల మీద కూడా నిలబడతారన్న గ్యారంటీ లేదు. ఆ చెక్క మీద నేర్చుకునే బ్యాలెన్స్‌లో ఎక్కువ భాగం ఆ చెక్కకే పరిమితం. చీలమండలకు బలం వస్తుంది, అంతవరకు మంచిదే. డబ్బు పెట్టి కొనాలా అంటే, అదే డబ్బుతో ఈతకొలనుకు నెల ఫీజు కట్టడం మేలు.

రోడ్డు మీద అల

సర్ఫింగ్‌నే నేల మీదికి దించాలన్న ఆలోచన ఈనాటిది కాదు. స్కేట్‌బోర్డింగ్ 1950ల్లో కాలిఫోర్నియాలో అలానే ఊపందుకుంది. అలలు లేని రోజుల్లో సర్ఫర్లు చెక్కకు చక్రాలు కట్టి కాలిబాటల మీద తిరిగేవారు. అప్పట్లో దాన్ని కాలిబాట సర్ఫింగ్ అనే పిలిచేవారు. తర్వాత సర్ఫ్‌స్కేట్ అనే బోర్డులు వచ్చాయి. ముందు చక్రాల జత మామూలు స్కేట్‌బోర్డు కంటే ఎక్కువగా పక్కలకు తిరుగుతుంది. కాలితో నేలను తన్నకుండా, ఒంటిని మెలి తిప్పుతూనే బోర్డును ముందుకు నడపొచ్చు.

ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒక్కటే. మలుపు పాదాల దగ్గర మొదలు కాదు, కళ్ల దగ్గర మొదలవుతుంది. చూపు ఎటు తిరిగితే తల అటు, తల వెంట భుజాలు, భుజాల వెంట నడుము, చివరికి బోర్డు. కొత్తవాళ్లు పాదాలతోనే బోర్డును తిప్పబోయి తూలిపోతారు. ఖాళీగా ఉన్న సిమెంటు నేల మీద రెండు వాటర్ బాటిళ్లు పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిరగండి. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు లేకుండా మాత్రం వద్దు. నీళ్లలో పడితే ఉప్పునీళ్లు మింగుతారు, సిమెంటు మీద పడితే చెయ్యి విరుగుతుంది.

దీనికీ ఒక హద్దు ఉంది. సిమెంటు కదలదు, అల కదులుతుంది. ఎప్పుడు తిరగాలన్నది స్కేట్ నేర్పలేదు. ఎలా తిరగాలన్నదే నేర్పుతుంది. సముద్రాన్నే నేల మీదికి తెచ్చే ప్రయత్నమూ జరిగింది. 11 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన కెల్లీ స్లేటర్ కాలిఫోర్నియాలోని లెమూర్‌లో, సముద్రానికి దూరంగా పొలాల మధ్య అలలు పుట్టించే కొలను కట్టించి 2015లో ప్రపంచానికి చూపించాడు. ప్రతి అలా ముందు దానిలాగే వస్తుంది కాబట్టి ఒకే మలుపును మళ్లీ మళ్లీ సాధన చేయొచ్చు. అయితే అది అందరికీ అందుబాటులో ఉండే వ్యవహారం కాదు.

అందుబాటులో ఉన్నవాటితోనే శిఖరం ఎక్కినవాళ్లూ ఉన్నారు. బ్రెజిల్‌కు చెందిన ఇటాలో ఫెరీరా తండ్రి చేపల వ్యాపారి. చేపలు పెట్టుకునే థర్మోకోల్ డబ్బా మూత మీదే ఇటాలో చిన్నప్పుడు అలలు ఎక్కడం నేర్చుకున్నాడు. 2019లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. సర్ఫింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన టోక్యో క్రీడల్లో, 2021లో, పురుషుల స్వర్ణం అతనిదే. ఆ ఫైనల్లో మొదట్లోనే అతని బోర్డు విరిగిపోయింది. ఇంకో బోర్డు తీసుకుని వచ్చి గెలిచాడు.

మన దగ్గరా కదలిక మొదలైంది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్‌లో రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల జాబితాలోనూ సర్ఫింగ్ ఉంది.

ఫోన్ ఉంది కదా.. దాన్నే కోచ్ చేసుకోండి

తాను వంగి నిలబడ్డానని అనుకునే మనిషి వీడియోలో చూస్తే నిటారుగా కర్రలా ఉంటాడు. ముందుకు చూశాననుకుంటాడు, కళ్లు బోర్డు మీదే ఉంటాయి. ఒంటికి అనిపించేది, నిజంగా జరిగేది ఒకటి కావు. దీన్ని పట్టించేది వీడియోనే. ఇంట్లో పాప్ అప్ చేసేటప్పుడు ఫోన్‌ను పక్కన, నేలకు దగ్గరగా పెట్టి స్లో మోషన్‌లో తీయండి. చూడాల్సినవి మూడే: మోకాలు నేలకు తగిలిందా, ముందు పాదం చేతుల మధ్యకు వచ్చిందా, కళ్లు ఎక్కడున్నాయి.

బీచ్‌కి వెళ్లినప్పుడు ఒడ్డున ఉన్న ఫ్రెండ్‌కు ఫోన్ ఇచ్చి ఒక మాట చెప్పండి. నిలబడ్డాక కాదు, నిలబడకముందు నుంచి తీయమనండి. పొరపాటు సాధారణంగా పడిన చోట ఉండదు, దానికి మూడు నాలుగు సెకన్ల ముందు ఉంటుంది. బోర్డు మీద మరీ ముందుకు పడుకుంటే దాని ముక్కు నీళ్లలోకి గుచ్చుకుని మనిషి తలకిందులవుతాడు. మరీ వెనక్కి ఉంటే బోర్డు నీళ్లను ఈడుస్తుంది, అల కింద నుంచి వెళ్లిపోతుంది. ఈ రెండూ పాప్ అప్ తప్పులు కావు. ఎంత సాధన చేసినా పాప్ అప్‌తో సరిచేయలేం. పడుకునే చోటు ఒక అంగుళమో రెండంగుళాలో మార్చుకుంటే పోతుంది.

ఒడ్డున కూర్చుని చూడటం కూడా ట్రైనింగే

బీచ్‌కి వెళ్లగానే నీళ్లలోకి పరిగెత్తడం కొత్తవాళ్ల లక్షణం. మత్స్యకారులను గమనించండి. పడవను నీళ్లలోకి తోసే ముందు ఆగి చూస్తారు. కెరటాలు ఒకేలా రావు. పెద్దవి కొన్ని గుంపుగా వస్తాయి, తర్వాత కాసేపు సముద్రం నెమ్మదిస్తుంది. ఆ సందులోనే పడవ తోస్తారు. సర్ఫర్ కూడా చేయాల్సింది అదే. పావుగంట కూర్చుని అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎటు వైపు విరుగుతున్నాయో చూడాలి. అన్నిటికీ మించి నీళ్లు ఎక్కడి నుంచి వెనక్కి పోతున్నాయో చూడాలి.

ఆ వెనక్కి పోయే ప్రవాహమే రిప్ కరెంట్. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా, ముదురు రంగులో కనిపిస్తుంది. తెలియనివాళ్లు అదే సేఫ్ అనుకుని అక్కడే దిగుతారు. విశాఖ తీరంలో ప్రాణాలు తీస్తున్న వాటిలో ఈ ప్రవాహాలు ముఖ్యమైనవి. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. తీరానికి సమాంతరంగా పక్కకు కదిలి, ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి. బోర్డు ఉంటే దాన్ని వదలకూడదు, అది తేలుతుంది. చెయ్యి పైకెత్తి సాయం అడగాలి. భుజాల్లో సత్తువ మిగిలి ఉండటం ఎంత అవసరమో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

అలల సమాచారం కోసం మరీ దూరం వెళ్లక్కర్లేదు. సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ దేశ తీరం మొత్తానికి అలల ముందస్తు అంచనాలు ఇస్తుంది. అందులో అల ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు. రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు ఉందో చూడాలి. ఐదారు సెకన్లే ఉంటే అది దగ్గర్లోని గాలికి లేచిన గజిబిజి అల. పన్నెండు సెకన్లు, ఆపైన ఉంటే ఎక్కడో దూరపు సముద్రంలో పుట్టి వచ్చినది. ఎత్తు ఒకటే అయినా ఈ రెండోది బలంగా తోస్తుంది. వాయుగుండం, తుపాను హెచ్చరికలు ఉన్న రోజున ఈ లెక్కలేవీ అక్కర్లేదు, నీళ్ల వైపు వెళ్లకూడదంతే.

ఊపిరి బిగబట్టే వీడియోలతో జాగ్రత్త

హవాయిలో బండరాయి మోస్తూ నీళ్ల అడుగున పరిగెత్తే సర్ఫర్ల వీడియోలు బాగా వైరల్ అయ్యాయి. అవి పెద్ద పెద్ద అలల కోసం, పక్కన సహాయకులు ఉండగా చేసే సాధనలు. అది చూసి పూల్‌లో ఒంటరిగా ఊపిరి బిగబట్టి పందెం వేసుకోవడం ప్రాణాంతకం. ముఖ్యంగా గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగితే, ఊపిరి తీసుకోవాలన్న సంకేతం అందకముందే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. నడుము లోతు నీళ్లలో నేర్చుకునేవాళ్లకు ఆ సాధనతో అసలు పనే లేదు. అక్కడ పడితే నీళ్ల కింద ఉండేది కొన్ని సెకన్లే.

వాళ్లకు కావాల్సింది సరిగ్గా పడటం. తల ముందుగా దూకకూడదు, కింద ఇసుక ఎంత లోతులో ఉందో తెలియదు. వెల్లకిలానో పక్కకో, ఒళ్లు పరిచినట్టు పడాలి. నీళ్లలోకి వెళ్లగానే రెండు చేతులతో తల కప్పుకోవాలి. పైకి వచ్చేటప్పుడు ఒక చెయ్యి ముందు రావాలి, ఎందుకంటే కాలికి తాడుతో కట్టి ఉన్న బోర్డు సరిగ్గా తల మీదే ఉండొచ్చు. దీన్ని ఇంట్లో పరుపు మీద కూడా అలవాటు చేసుకోవచ్చు. పిల్లలైతే ఆటలా చేసేస్తారు, పెద్దవాళ్లకే సిగ్గు.

మరి ఎన్నాళ్లు ఇలా? ఒడ్డుకు దగ్గర్లో అప్పటికే విరిగి తెల్లటి నురుగుగా వచ్చే అలల మీద, పడిన దానికంటే నిలబడింది ఎక్కువ అయ్యేవరకు అక్కడే ఉండాలి. విరగని అల కోసం లోపలికి వెళ్లడం ఆ తర్వాతి మాట. అప్పుడు కూడా ఒంటరిగా కాదు, ఆ బీచ్ తెలిసిన కోచ్‌తోనే. రోజుకు పావుగంట చాక్‌పీస్ గీత మీద లేచి, వారానికి రెండు మూడు సార్లు ఈదినవాళ్లకు రుషికొండకు రెండోసారి వెళ్లినప్పుడు మొదటి క్లాసు మళ్లీ మొదలుపెట్టాల్సిన పని ఉండదు. వెళ్లేముందు రోజు మాత్రం భుజాలకు రెస్ట్ ఇవ్వండి.